ఎర్ర మూత సీసా

పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీల మురుగునీళ్ళు సీసాల్లో పట్టి ల్యాబుకు ఇవ్వడమే నా ఉద్యోగం. ఎవరైనా అడిగితే నీళ్ళ శాఖ అని చెప్పి మాట మారుస్తాను. వివరంగా చెబితే పక్కవాళ్ళు కుర్చీ జరుపుకుంటారు. ఆ రోజు పొద్దున్నుంచి అది ఆరో ఫ్యాక్టరీ. కాళ్ళు పీకేస్తున్నాయి.

ఇనుప సామానుకు మెరుపు పూత వేసే ఫ్యాక్టరీ అది. మా వ్యాను కనిపించగానే గేటు దగ్గర కాపలావాడు రిజిస్టరు తెస్తాడు, పెన్ను వెతుకుతాడు, లోపలికి ఫోను చేస్తాడు. ఈలోగా లోపల మురుగు కాలువలోకి మంచినీళ్ళ వాల్వు తిప్పేస్తారు. నేను వెళ్ళేసరికి ఆ నీళ్ళతో ముఖం కడుక్కోవచ్చు. నా రిపోర్టులన్నీ దివ్యంగా ఉంటాయి. సిగ్గేస్తుంది, కానీ సిగ్గు రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆ వాల్వు తిప్పేది ఒక పెద్దాయన. బాబాయ్ అని పిలుస్తాను. కిందటి నెల మెట్ల దగ్గర నన్ను ఆపి, తమ వీధి బోరులో నీళ్ళు పచ్చగా వస్తున్నాయనీ, మనవరాలికి ఒళ్ళంతా పుళ్ళు లేచాయనీ చెప్పాడు.

"ఈసారి నేను తిప్పనమ్మా. ఉద్యోగం పోతే పోనీ. నువ్వు మాత్రం సరిగ్గా పట్టుకెళ్ళు," అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ కాలువలో ముంచితే ఎప్పుడూ ఇరవై ఆరు దాటని థర్మామీటరు ఆ రోజు ముప్పై తొమ్మిది చూపించింది. నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి, ముక్కు మండిపోతోంది. ఇన్నాళ్ళకు అసలు మురుగు దొరికిందని నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాబాయ్ వాల్వు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నావైపు చూడలేదు. ఒక్కో ఫ్యాక్టరీలో పట్టాల్సిన మూడు సీసాలూ గబగబా కడిగి నింపి, పెట్టెలో ఐసు మధ్య సర్ది, ఎవరూ పిలవకముందే బయటపడ్డాను.

పావుగంట ప్రయాణం తర్వాత, వ్యానులో లేబుళ్ళు అంటిస్తుంటే ఎర్ర మూత సీసా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మామూలు సీసాలను పట్టబోయే నీళ్ళతోనే మూడుసార్లు కడిగి నింపాలి. ఎర్ర మూతది మాత్రం కడగకూడదు. అందులో ల్యాబువాళ్ళు ముందే కొంచెం యాసిడ్ పోసి ఇస్తారు. అది లేకపోతే నీళ్ళలోని లోహం సీసాకే అంటుకుపోతుంది, లెక్క తేలదు. ఆ ఫ్యాక్టరీని పట్టించేది లోహం లెక్క ఒక్కటే. నేను మూడింటినీ కడిగేశాను. కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

పెట్టెలో వాడని ఎర్ర మూత సీసా ఇంకొక్కటి ఉంది. మా డ్రైవరు నసపెట్టడంలో దిట్ట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకు, ఉన్నవి ఇచ్చేసి ఇళ్ళకు పోదామన్నాడు. నాకూ ఇంటికే పోవాలనుంది. ఆ పిల్ల ఒంటి మీది పుళ్ళు తలచుకుని బండి వెనక్కి తిప్పమన్నాను.

గేటు దగ్గర మళ్ళీ రిజిస్టరు, మళ్ళీ పెన్ను వెతుకులాట. అప్పుడే బాబాయ్ బయటికొస్తున్నాడు. చేతిలో క్యారేజీ, చంకలో మడిచిన యూనిఫాం. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"అప్పుడే ల్యాబుకు ఇచ్చేశావా తల్లీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదు బాబాయ్. ఎర్ర సీసా కడిగేశాను. తప్పు నాదే. మళ్ళీ పట్టుకుందామని వచ్చాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నా చోట పెట్టినవాడు నా కళ్ళ ముందే వాల్వు తిప్పాడమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అయినా లోపలికి వెళ్ళాను. థర్మామీటరు ఇరవై ఆరు చూపించింది. ఫారంలో ముప్పై తొమ్మిదీ రాశాను, ఇరవై ఆరూ రాశాను, నా తప్పూ రాశాను. ల్యాబు చూసేది సీసానే. కాలువలో నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఎర్ర మూత తీసి, ఈసారి కడగకుండా, రూలు ప్రకారం నింపాను.