తొమ్మిది ఫొటోలు

పొద్దున్నే మోటారు మూత విప్పి, కాలిన వాసన పీల్చి, "వచ్చావా తల్లీ, నీకోసమే చూస్తున్నా" అంది అక్క. మోటారుతోనే అంది. కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే ఆ కొట్లో ఆమె అందరికీ వైండింగ్ అక్కే. చివరికి కట్టుకున్నవాడు కూడా గిరాకీల ముందు నోరు జారి అలాగే పిలిచేస్తాడు. యాభై ఆరేళ్ల మనిషి. పొట్టి మెడ, బరువైన కళ్లద్దాలు. ముప్పయ్యేళ్లుగా ఒకే స్టూలు మీద ఒంగి ఒంగి కుడి భుజం కిందికి వాలిపోయింది, తీగలకు పూసే వార్నిష్ గోళ్లకు పట్టేసింది.

ఎక్కడో ఒక ఆసుపత్రిలో పైఅంతస్తులకు నీళ్లెక్కించే మోటారు సరిగ్గా ఈ మోడలే. దాన్ని బాగుచెయ్యబోయిన మెకానిక్కు, ఏ కొస ఏ కొసతో కలిసిందో రాసుకోకుండానే తీగంతా కోసేసి, ఆ తర్వాత నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. నాలుగు రోజులుగా నెట్‌లో మెకానిక్కుల ఫోరంలో మొత్తుకుంటున్నాడు: "రోగులకు నీళ్లు బకెట్లతో మోస్తున్నారు. ఎవరి దగ్గరైనా ఫొటో ఉందా?" అందరూ తిట్టారు. అక్క తిట్టలేదు. పదకొండేళ్ల కిందట తనూ ఇదే వెధవపని చేసి, ముక్కూ మొహం తెలియని ఒకాయన పెట్టిన ఫొటోతో గట్టెక్కింది. ఫోరంలో చేరింది ఆ రోజే.

ఫొటో తీసింది. నాలుగు ఎంబీ వచ్చింది. వంద కేబీ దాటితే ఫోరం ససేమిరా అంటుంది. కుదించి, కుదించి, పెట్టింది.

"అక్కా, అంతా ముద్దలా ఉంది. ఎర్రదేదో నల్లదేదో తెలియట్లేదు" అని జవాబొచ్చింది.

ఎలా తెలుస్తుంది పాపం! దగ్గరగా జరిగి, ఒక్కో మూలా విడివిడిగా, తొమ్మిది ఫొటోలు తీసింది. ఒక్కోదాన్నీ వంద కేబీకి దించింది. చిక్కల్లా ఇంకో రూలుతో: మనిషికి రోజుకు ఒక్క ఫొటో. ఇవాళ్టిది అయిపోయింది. ఈ రూలు తప్పినందుకే ఇదివరకు రెండు హెచ్చరికలు పడ్డాయి. మూడోసారి తప్పితే పేరే తీసేస్తారు.

"రోజుకొకటి పెట్టవే, కొంపలేం మునగవు" అన్నాడు మొగుడు.

"తొమ్మిది రోజులు ఆ నీళ్లు నువ్వు మోస్తావా?"

"పోనీ వాడి నంబరు తీసుకుని పంపెయ్."

"వాడికి పంపితే వాడొక్కడికే. అక్కడుంటే, రేపు ఇంకో వెధవ కోసుకున్నా పనికొస్తుంది."

ఒకటి పెట్టింది. రెండు. మూడోదానికి ఫోరం నడిపే పెద్ద ఊడిపడ్డాడు. అతని అసలు పేరెవరికీ తెలియదు, అందరూ కొలబద్ద అంటారు.

"ఆపండక్కా. రూలు అందరికీ ఒకటే" అని రాశాడు.

"వంద కేబీలో ఈ మోటారు పట్టదు బాబూ. నువ్వు పట్టించి చూపించు, ఆపేస్తా."

"సర్వరు నిండిపోతోంది. మీరంటే గౌరవం, నా మాట వినండి."

"గౌరవముంటే పది నిమిషాలు టీ తాగిరా."

నాలుగు. ఐదు. ఆరు. భయమేసింది, దాచడమెందుకు? ఎనిమిదో తరగతితో చదువాగిన మనిషిని పట్టుకుని ఇంజనీర్లు "మీరే చెప్పాలండీ" అని అడిగే చోటు ఆమెకు లోకం మొత్తంలో అదొక్కటే. ఏడు. ఎనిమిది. మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. తొమ్మిది.

మీ సభ్యత్వం రద్దయింది, అని వచ్చింది తెర మీద.

"పోతే పోయింది" అంది అక్క. కళ్లద్దాలు తుడుచుకుని, కత్తెర అందుకుని, కాలిన తీగ కోయడం మొదలుపెట్టింది.

సాయంత్రం మొగుడు తన ఫోన్లో ఫోరం తెరిచాడు. చూడ్డానికి సభ్యత్వం అక్కర్లేదు. "కొసలన్నీ దొరికాయక్కా, చుడుతున్నా" అని ఆసుపత్రి మెకానిక్కు రాశాడు. అక్క పేరుండాల్సిన చోట ఏమీ లేదు. కొలబద్ద పేరు చెరిపేశాడు గానీ ఫొటోల జోలికి పోలేదు.

"చూశావా, వాడికీ చేతులు రాలేదు" అంటూ ఫోను ఆమె వైపు తిప్పాడు.

తొమ్మిదో ఫొటో మూలన, అడ్డొచ్చిన నల్ల తీగను పక్కకు నొక్కిపట్టి, గోరంతా వార్నిష్ పట్టేసిన బొటనవేలు.