ఐదేళ్ళ అమ్మమ్మ

మా మనవరాలు వర్షిత ఇంగ్లీషు క్రియలకు మూడు రూపాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. నెల్లూరు బడిలో అలా బట్టీ పట్టించారు. తీరా న్యూజిలాండ్‌లోని ఈ ఇన్వర్‌కార్గిల్ బడికొచ్చాక పిల్లకు నోరే పెగల్లేదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం.

ఇక్కడ పిల్లలు ఐదో పుట్టినరోజు కాగానే బళ్ళో చేరతారు. అలా కొత్తగా వచ్చినవాళ్ళకు పెద్ద క్లాసు పిల్ల ఒకరు తోడుండి కథలు చదివి వినిపించాలి. ఆ తోడును బడ్డీ అంటారు. ఆ పని మీద వర్షితకు ప్రాణం. టీచరమ్మ సరేనంది గానీ, ముందు తన ఎదురుగా ఒక పిల్లాడికి చదివి చూపించమంది.

"నా వల్ల కాదు అమ్మమ్మా. వాడు మధ్యలో ఏదన్నా అడిగితే నాకు మాట రాదు," అంటూ హీటరు పక్కన కూలబడింది.

నాకు ఒళ్ళు మండింది. "ఇవాళ్టి నుంచి నాకు ఐదేళ్ళు. చదువు. తెలుగులో చెబితే నాకు వినపడదు," అన్నాను.

నాకొచ్చిన ఇంగ్లీషు 'వై' ఒక్కటే. దాంతోనే పిల్లను కాల్చుకు తిన్నాను. కథలో గొర్రెపిల్ల కంచె దూకితే వై, తల్లిగొర్రె అరిస్తే వై. ఉడుక్కునేది, చేతులు తిప్పేది, వాక్యం మధ్యలో ఆగి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అయినా పుస్తకం మూయలేదు. అడిగిందే అడిగితే ఈసారి ఇంకో మాటతో చెప్పేది. ఎంత ముచ్చటేసిందో. అంత ఓర్పు నాకు ఈ జన్మలో లేదు.

చదివి చూపించాల్సిన రోజు మా అమ్మాయి కుసుమతో పాటు నేనూ బడికి వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను. కొత్తపిల్లాడు పుస్తకం వంక చూడనే లేదు. ఒకటే ఏడుపు. టీచరమ్మ లేవబోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

వర్షిత పుస్తకం పక్కన పెట్టి, వాడి పక్కన నేలమీద చతికిలబడి "వై?" అంది.

వాడు ఎక్కిళ్ళ మధ్య ఏదో అన్నాడు. ఇది జవాబిచ్చింది. వాడు మళ్ళీ అడిగాడు, ఇది మళ్ళీ చెప్పింది. వాడు తల తిప్పి నన్నే చూశాడు. కాసేపటికి వాడే పుస్తకం తీసి దాని ఒళ్ళో పెట్టాడు.

రేపట్నుంచి వాడికి ఇదే బడ్డీ అని టీచరమ్మ చెప్పిందట.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అడిగాను. "వాడెందుకే ఏడ్చింది?"

"వాళ్ళమ్మ మళ్ళీ రాదేమోనని."

"నువ్వేం చెప్పావు?"

"అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చుందే, మా అమ్మమ్మ. ఆమె కూడా కొత్తగా చేరింది, ఆమెకీ ఐదేళ్ళే. చూడు, ఏడవట్లేదు అన్నాను."

అప్పుడు ఏడ్చాను.