పాఠాల్లో లేని మాట

భోజనాల బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. ఇంటాయన, ఇంటావిడ, వాళ్ళ కూతురు, ఇంటావిడ చెల్లెలి కూతురు. కూతురు యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇంట్లో అందరూ ఆమెను పెద్దమ్మాయి అంటారు. చెల్లెలి కూతురు అదే యూనివర్సిటీలో చేరింది. హాస్టల్లో చోటు దొరక్క పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది. నోటికి విశ్రాంతి ఇవ్వదు కాబట్టి ఆమెకు వసపిట్ట అని పేరు పడింది.

"యార్డు క్వార్టర్స్‌లో మామ్మ కుట్టుమిషన్ మీద నేనూ కాస్త కుడతానన్నాను పెదనాన్నా. కుట్టాను. దిండు గలేబుతో పాటు నా చొక్కా చెయ్యి కూడా కలిపి కుట్టేశాను. కత్తెర వెతికేదాకా దిండు నాతోనే ఉంది" అంటోంది వసపిట్ట.

ఇంటాయనకు నవ్వి నవ్వి పొలమారింది. పెద్దమ్మాయి నవ్వలేదు. నీళ్ళ గ్లాసు తండ్రి వైపు జరిపింది.

"నువ్వూ రెండేళ్ళ నుంచి అక్కడికే వెళ్తున్నావు కదే. ఒక్కనాడైనా ఇలాంటి కబురు తెచ్చావా?" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ.

"నేను కబుర్లకి వెళ్ళడం లేదు నాన్నా."

"అదేలే. నీది అంతా సీరియస్సు."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. తండ్రి హాస్యానికి అన్నాడు. తల్లి అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. కానీ పెద్దమ్మాయి కంచం పక్కకు జరిపింది. చాలా ఇళ్ళలో చాలా పెద్ద తగాదాలు ఇలాంటి బల్లల దగ్గరే, ఇలాంటి నవ్వుల మధ్యే మొదలవుతాయి. అందుకే ఈ సంగతి పాఠకుల ముందు పెట్టవలసి వస్తోంది.

ఆ ఊళ్ళో ఓడల యార్డు ఉంది. వెల్డింగు పనికి పరదేశం నుంచి మనుషులు కుటుంబాలతో వచ్చి యార్డు క్వార్టర్స్‌లో ఉంటున్నారు. వాళ్ళ భాష వేరు, పద్ధతులు వేరు. ఆసుపత్రికో, బడికో, ఆఫీసుకో వెళ్ళాలంటే పక్కన ఒక మనిషి కావాలి. ఆ పని కోసం యూనివర్సిటీ కొందరు విద్యార్థులను వాలంటీర్లుగా తీసుకుని శిక్షణ ఇస్తోంది. వారానికి ఒక క్లాసు. క్లాసు చెప్పే మేడం ఆ దేశంలో నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి.

పెద్దమ్మాయి మొదటి బ్యాచిలోనే చేరింది. క్లాసు ఒక్కటీ మానలేదు. ఆ భాష వ్యాకరణంతో సహా నేర్చుకుంది. క్వార్టర్స్‌కి వెళితే కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన పని మాట్లాడి, లేచి వచ్చేది. ఈ సంవత్సరం విద్యార్థుల తరఫున ఒక నాయకురాలిని ఎంచబోతున్నారు. ఆ బాధ్యత తనకే వస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అందరికంటే ఎక్కువ అనుకుంది.

అంతలో వసపిట్ట చేరింది. భాష సగం కూడా రాదు. వచ్చిన సగం తప్పులే. అయినా నెల తిరగకుండానే క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు, "ఆ పొట్టి పిల్లని పంపండి" అని అడగడం మొదలుపెట్టారు. అక్కడి ఒక వెల్డరు కూతురికి ఐదేళ్ళు. గుండెలో రంధ్రం. ఆ పాప వసపిట్ట చంక దిగేది కాదు. పాప నాయనమ్మను వాలంటీర్లంతా మామ్మ అని పిలిచేవారు. ఆ మామ్మ రెండేళ్ళలో పెద్దమ్మాయికి ఒక్కసారి కూడా తన కుట్టుమిషన్ చూపించలేదు.

పెద్దమ్మాయి ఇవన్నీ లోపల పేర్చుకుంటూ వచ్చింది. ఫోను మోగితే ఎవరికో అని చెవి పెట్టేది. వసపిట్ట చెప్పులు గుమ్మంలో కనిపిస్తే పక్కకు తన్నేది. అద్దం ముందు నిలబడి చెల్లెలిలా నవ్వి చూసుకునేది. బాగుండేది కాదు. దానికి కూడా చెల్లెలి మీదే కోపం వచ్చేది.

పాపకు ఆపరేషన్ నిశ్చయమైంది. గుండె సర్జన్ బయటి ఊరి నుంచి వస్తాడు, రెండు రోజులు ఉండి వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చేది చలికాలం పోయాకే. అన్నాళ్ళు ఆగితే పాపకు ప్రమాదమని చెప్పారు. అంతకుముందు ప్రతిసారీ మేడమే పాపతో ఆసుపత్రికి వెళ్ళేది. ఈసారి పాప కోరిందని వసపిట్టను ఒంటరిగా పంపాలనుకుంది.

ఆ ముందు రోజు క్లాసుకు వసపిట్ట రాలేదు. జ్వరం. మేడం ఆ రోజు చెప్పిన విషయం ఒక్కటే. వాళ్ళలో బిడ్డ ఎదురుగా ఆ బిడ్డ జబ్బు మాట ఎత్తరు. ఎత్తితే జబ్బును పిలిచినట్టు. ముందు బిడ్డను బయటికి పంపాలి, తర్వాతే నోరు తెరవాలి. ఎవరైనా తప్పు చేస్తే వాళ్ళు వివరించరు, ఎందుకంటే వివరించాలన్నా ఆ మాట ఎత్తాలి. లేచి వెళ్ళిపోతారు.

"మీ చెల్లికి ఇవాళే చెప్పు. రేపు తను తీసుకెళ్ళాలి. డాక్టరుకి కూడా తనే ముందుగా చెప్పాలి" అంది మేడం.

"చెబుతాను మేడం."

సాయంత్రం వసపిట్ట దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని అడిగింది. "అక్కా, క్లాసులో ఏం చెప్పారు?"

పెద్దమ్మాయి బీరువా తలుపు తీసి నిలబడి ఉంది. అటు తిరిగే జవాబు చెప్పింది. "ఏముంది. ఎప్పుడూ చెప్పేవే."

అబద్ధం ఆడానని ఆమె అనుకోలేదు. బట్టలు మడతపెట్టింది. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు ఆసుపత్రిలో సహాయం బల్ల దగ్గర పెద్దమ్మాయికి డ్యూటీ. ఎదురుగా సర్జన్ గది. తలుపు సగం తెరిచి ఉంది. పాప వసపిట్ట ఒళ్ళో కూర్చుంది. సర్జన్ చెబుతుంటే వసపిట్ట తనకు వచ్చిన మాటల్లో మామ్మకు, వెల్డరుకు చెబుతోంది. పాప భయపడకూడదని ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసింది. బొమ్మలో చిన్న సున్నా చుట్టి, పాప వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. "ఇది నీది. దీన్ని మూసేస్తారు" అంది.

మామ్మ లేచింది. పాపను ఒళ్ళోంచి తీసుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు. వెల్డరు కూడా ఆమె వెనకాలే నడిచాడు. పెద్దమ్మాయి బల్ల ముందు నుంచే వెళ్ళారు.

వాళ్ళు వెళుతుంటే పెద్దమ్మాయికి కలిగింది ఉల్లాసం. ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంది, కానీ దాచితే ఈ కథకు అర్థం లేదు. ఒక్క క్షణం ఆమెకు ఒళ్ళు తేలికపడింది. అమ్మయ్య, దానికీ తప్పులు వస్తాయి అనుకుంది.

అప్పుడు నర్సు గది బయటికి వచ్చింది. "ఏమైంది వాళ్ళకి? సాయంత్రం లోపల పాపని చేర్చకపోతే డాక్టరుగారు వేరే కేసు తీసుకుంటారు. ఎవరో ఒకరు వెళ్ళి చెప్పండమ్మా."

ఒళ్ళు మళ్ళీ బరువెక్కింది.

మేడంకు కబురు వెళ్ళింది. ఆమె వచ్చేసరికి వసపిట్ట వరండా బెంచీ మీద ఆ కాగితం పట్టుకుని కూర్చుని ఉంది. మేడం బొమ్మ చూసింది. విషయం అర్థమైంది.

"పాప ముందే చెప్పావా? నిన్న క్లాసులో దీని గురించే చెప్పాను. అక్క నీకు చెప్పలేదా?"

వసపిట్ట తలెత్తి అక్కను చూసింది. పెద్దమ్మాయి చూపు తిప్పుకుంది. బీరువా తలుపు, అటు తిరిగి చెప్పిన జవాబు, అన్నీ వసపిట్టకు ఒక వరసలోకి వచ్చాయి. చేతిలో కాగితాన్ని మడతపెట్టింది.

"చెప్పింది మేడం. జ్వరంలో నేనే మర్చిపోయాను."

చెల్లెలు ఏడ్చినా, తిట్టినా పెద్దమ్మాయి తట్టుకునేది. తప్పు తన మీద వేసుకోవడాన్ని తట్టుకోలేకపోయింది.

"చెప్పలేదు మేడం. అది అడిగింది కూడా. కావాలనే చెప్పలేదు."

మేడం పెద్దమ్మాయి ముఖంలోకి చూసింది. "కారణాలు తర్వాత. ఇద్దరూ పదండి" అంది. "నేను డాక్టరుగారిని ఆపే ప్రయత్నం చేస్తాను."

ఇద్దరూ ఆటో ఎక్కారు. క్వార్టర్స్ మలుపు దగ్గర పెద్దమ్మాయి, "ఎందుకే నన్ను వెనకేసుకొచ్చావు?" అంది.

"ఏమో. అందరి ముందు నువ్వు తల దించుకుంటే చూడలేకపోయాను. కోపం లేదనుకోకు. ఉంది. పాప పని అవ్వనీ, ఇంటికెళ్ళాక చెబుతాను నీ సంగతి."

మామ్మ ఇంట్లో మిషన్ ఆగి ఉంది. పాప గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరో ఒకరు పాపను బయటికి తీసుకుపోవాలి, ఒకరు లోపల మాట్లాడాలి. పాప చేతులు చాపింది వసపిట్ట వైపు. వసపిట్ట పాపను ఎత్తుకుని వీధి చివరికి నడిచింది. భాష బాగా వచ్చిన పెద్దమ్మాయి లోపల మిగిలింది.

ఆమె ఈసారి కుర్చీ అంచున కూర్చోలేదు. మామ్మ కూర్చున్న చాప మీదే కూర్చుంది. "పాప ముందు ఆ మాట అనకూడదని మా చెల్లికి తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. తప్పు నాది" అంది. వ్యాకరణంలో ఎక్కడా పొరపాటు లేదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది మామ్మ.

పెద్దమ్మాయి నోరు తెరిచింది. మాట దొరకలేదు. రెండేళ్ళలో ఆమె ఆ భాషలో ఆకలి, జ్వరం, అద్దె, టీకా, క్షమాపణ అన్నీ నేర్చుకుంది. ఇది ఏ పాఠంలోనూ రాలేదు. చివరికి చిన్నపిల్లలా చెప్పింది. "మా ఇంట్లో ఇద్దరం. అందరూ దాని మాటకే నవ్వుతారు. మీరూ దాన్నే పిలుస్తారు. నాకు ఇక్కడ మండుతుంది." గుండె మీద చెయ్యి వేసుకుంది.

 మామ్మ ముఖం సడలింది. నవ్వింది. ఆ మంటకు తమ భాషలో ఉన్న మాట అంది. మళ్ళీ నిదానంగా అంది, పెద్దమ్మాయి పలికేదాకా.

"మా దగ్గరా ఉంది ఇది. మా తోటికోడలు వంట బాగుందని నేను ఆవిడ కూరలో ఉప్పు గుమ్మరించాను. ఇంటిల్లిపాదీ పస్తున్నారు, నాతో సహా" అంది మామ్మ. లేచి చెప్పులు వేసుకుంది. "పద. ఆ డాక్టరుకి నువ్వే చెప్పు, పిల్ల ఎదురుగా నోరు తెరవొద్దని."

పాపను సాయంత్రం లోపలే చేర్చారు. సర్జన్ మాట్లాడినంతసేపూ వసపిట్ట పాపతో కారిడార్లో గోళీలు ఆడింది. మర్నాడు పొద్దున ఆపరేషన్ జరిగింది. రంధ్రం మూశారు.

ఇంటికెళ్ళాక వసపిట్ట అన్నంత పనీ చేసింది. అక్కను తిట్టాల్సినవన్నీ తిట్టింది. పెద్దమ్మాయి ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తర్వాత తను దాచిన పాఠం మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. చెల్లెలి ఉచ్చారణ కూడా దిద్దింది. "అమ్మా తల్లీ, మళ్ళీ జ్వరం తెప్పిస్తావా" అంది వసపిట్ట.

ఆ వారం క్లాసులో మేడం నాయకురాలిగా వసపిట్ట పేరు చదివింది. అందరితో పాటు పెద్దమ్మాయి చప్పట్లు కొట్టింది. మంట తగ్గిందా అంటే లేదు. ఉంది. మేడం ఆమెను ముందుకు పిలిచి, జరిగింది నీ నోటితోనే చెప్పు అంది. పెద్దమ్మాయి చెప్పింది. మామ్మ నేర్పిన మాట కూడా చెప్పింది. క్లాసంతా పలికి చూసింది.

అందరూ పలికాక మేడం అంది. "పరాయి మనుషుల ఆచారాలు తెలుసుకోవడానికి మీరంతా ఇక్కడికి వస్తున్నారు. మంచిదే. కానీ పాపకి ప్రమాదం వాళ్ళ ఆచారం వల్ల రాలేదు. మన ఇంట్లో, మనలో ఇద్దరి మధ్య దాగిన మాట వల్ల వచ్చింది. సేవకి వెళ్ళేవాళ్ళు ముందు తమ పక్కవాళ్ళ గెలుపుని ఓర్చుకోవడం నేర్చుకోవాలి. ఓర్చుకోలేకపోయినా సరే, తెలిసింది మాత్రం చెప్పి తీరాలి."