ఆదివారం రాసిన నిద్ర

చంద్రమౌళి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడంటే ఆ రైల్వే క్వార్టర్లో కుక్కరు కూడా కూత వేయడానికి వీల్లేదు. గూడ్సుబండి నడిపే మనిషికి నిద్ర ఎంత అవసరమో భార్య ఉషారాణికి బాగా తెలుసు. పిల్లల్ని పక్కింటికి పంపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తాను వరండాలో కూర్చునేది.

ఆదివారమైతే అక్కడే ఇంకో పని కూడా చేసేది. ఊరి శివారు తిఫ్రాలో నాలుగు లారీలు తిప్పే తన అన్న త్రినాథరావు కోసం డ్రైవర్ల రిజిస్టరు రాసేది. ఎవరు ఎన్నింటికి బండెక్కారు, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకున్నారు అన్నది అందులో ఉండాలి. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది అదే.

"నీ దస్తూరీ చూస్తే ఇనస్పెక్టరు ఇంకేటీ అడగడు చెల్లీ" అనేవాడు అన్న.

రాబోయే వారమంతటికీ ఆమె ఒకేసారి రాసేసి, పుస్తకం తన దగ్గరే ఉంచుకునేది. గురువారం, డ్రైవరు సూర్యం, మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు వరకు విశ్రాంతి. అతను నిజంగా పడుకుంటాడా అని ఏనాడూ అడగలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం మూడింటికి సిర్గిట్టి దగ్గర సూర్యం లారీ రోడ్డు దిగి ఒక గోదాం గోడను గుద్దింది. అతని రెండు కాళ్లూ విరిగాయి.

మర్నాడు సూర్యం భార్య అసిరమ్మ వచ్చింది. లోపల చంద్రమౌళి పడుకున్నాడని తెలిసి గొంతు తగ్గించింది.

"రెండు దినాలై ఆడు కన్ను ముయ్యనేదమ్మా. కోర్బా నుంచి వొచ్చిన బండిని వొచ్చినట్టే మళ్లీ పంపేసినారు. ఇప్పుడేమో మీ అన్నయ్య, పడుకున్నోడు సెప్పకుండా బండి ఎత్తుకుపోనాడు, రిజిస్టర్లో ఉందీ అంటన్నాడు. పోలీసోళ్లు దొంగతనం రాస్తారట. ఆడు పడుకున్నట్టు ఎవులు సూసినారమ్మా?"

ఉషారాణి రిజిస్టరు తెరిచి, గురువారం గడిలో తన దస్తూరీని చూసుకుంది.

సాయంత్రం త్రినాథరావు రిజిస్టరు కోసం వచ్చాడు. "ఇలా ఇచ్చీ. ఠాణాలో చూపించాలి."

"అది ఆదివారం రాసింది అన్నయ్యా. గురువారం సంగతి దానికేం తెలుసు?"

"అచ్ఛా, ఇప్పుడు తెలిసిందేటి నీకు?"

నిద్రలేచి వచ్చిన చంద్రమౌళి గోడకు చేరగిలబడ్డాడు. "మా ఇంజన్లో వేగాన్ని మిషనే కాగితం మీద గీసేసుకుంటుంది బావా. దాన్ని బతిమాలడానికి లేదు. మీ లారీకి ఆ మిషను లేదు. మా ఉష ఉంది."

"పెద్ద దేశాల్లో లారీలకీ పెడతారట. అంతంత పెట్టి నేను కొనగలనేటి బావా?"

"పుస్తకం కొన్నావు, పెన్ను కొన్నావు" అంది ఉషారాణి. "నిజం రాయడానికి అవి చాలవా? తప్పు నాది కూడా. నేనే పట్టుకెళ్తాను. ఎప్పుడు రాశానో నేనే చెబుతాను."

"నిన్నూ కేసులో పెడతారు."

"పెట్టనీ."

ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని, అప్పటిదాకా వీధిలోనే కాచుకున్న అసిరమ్మ పక్కన నడిచింది. భర్త నిద్రకు ఇన్నేళ్లు కాపలా కాసిన తాను, ఇంకో ఇల్లాలి భర్త నిద్రను పెన్నుతో మింగేశానని అప్పటికి గాని ఆమెకు అర్థం కాలేదు. బండి తోలేవాడి నిద్రను ఇంకొకరు రాయకూడదు. పడుకుని లేచి అతనే సంతకం పెట్టాలి. ఆ నిద్ర ఇవ్వలేని యజమాని అతని చేతికి తాళంచెవి కూడా ఇవ్వకూడదు.