బంతి లేని వైపు

బస్సు ఇంకా కదల్లేదు, చెబితే ఇప్పుడే చెప్పాలి, కిటికీ పక్కన యలమందయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, ఎంత తుడిస్తే ఏం లాభం, రెండేళ్ళుగా ఆ కళ్ళకు పొర కమ్ముతోందని నాకొక్కడికే తెలుసు, పర్చూరు బడిలో డ్రిల్లు మాస్టారతను, చీరాల బడిలో నేను, పదకొండేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఎక్కడ బాస్కెట్‌బాల్ పోటీ పెట్టినా రిఫరీలం మేమిద్దరమే, ఒకరం రింగు కింద, ఒకరం సెంటరు గీత దగ్గర, మొదటి మ్యాచినాడే చెప్పాడు, ఒరే మార్కండేయులూ, ఇద్దరం బంతినే చూస్తూ కూర్చుంటే మిగతావాళ్ళని గాలికొదిలేసినట్టేరా, బంతి నా దగ్గరుంటే నువ్వు బంతి లేని వైపు చూడు, అలాగే చూశాను, అతని చూపు మందగించేదాకా.

ఆ తర్వాత అతని ముందున్న బంతినీ నేనే చూడసాగాను, అతను తటపటాయిస్తే నా విజిల్ మోగేది, ఎవరికీ అనుమానం రాలేదు, మంచిపని చేస్తున్నానని లోలోపల మురిసిపోయాను, సిగ్గులేని మురిపెం, ఈ సాయంత్రం ఫైనల్లో బంతి అతని రింగు కింద, నా కళ్ళూ అక్కడే, ఇవతల నాకు నాలుగడుగుల దూరంలో బుల్లయ్యనే ఆటగాణ్ణి ఎవడో మోచేత్తో పొడిచాడు, పడ్డప్పుడు అతని చెయ్యి ఒంటి కింద నలిగి విరిగింది, పగలంతా మగ్గం నేసేవాడు, ఆ చెయ్యితోనే ఇంటిల్లిపాదికీ తిండి, పోటీలు పెట్టిన అంకమ్మరావుగారు పరుగున వచ్చి ఇటువైపు చూడాల్సింది ఎవరండీ అన్నారు, నేను నోరు తెరిచేలోగా యలమందయ్య, నేనేనండీ, నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు, ఇక విజిల్ పట్టను అన్నాడు, తెరిచిన నోరు మూసుకున్నాను.

ఇంజను మొదలైంది, బస్సు మీది మిరపకాయ బస్తాల ఘాటు కళ్ళల్లో కొడుతోంది, కిటికీ పట్టుకుని అన్నా అన్నాను, అతను నా చేతిమీద చెయ్యి వేసి, నా బదులు నువ్వు విజిల్ వేసిన ప్రతిసారీ నాకు తెలుసురా, ఆట మీద ఆశ చావక ఊరుకున్నాను, బుల్లయ్యని చూసుకో అన్నాడు, బస్సు వెళ్ళిపోయింది, దుమ్ము అణిగింది, ఇప్పటికీ నిలబడే ఉన్నాను, తప్పు నాదని అతనికి తెలుసు, నాకు తెలుసు, జాలి పేరు చెప్పుకుని నా పని వదిలేశాను, అడిగినప్పుడు మాత్రం చూపు లేనివాడి వెనక దాక్కున్నాను.