గాలికి ఎదురొచ్చిన అల

సాఫ్ట్‌వేర్‌లో సముద్రం గాలితో మొదలవుతుంది. ముందు గాలి వేగం ఇవ్వాలి, తర్వాత దాని దిక్కు, అల ఎత్తు, కొన పదును, నురుగు ఎక్కడ పుట్టాలో. అంకెలు మారుస్తుంటే తెర మీద చదునైన నీలిరంగు లేచి అలలవుతుంది. అలలన్నీ గాలి చెప్పినట్టే వింటాయి. చిక్కల్లా అదే. ఒక సినిమాలో పడవ మునిగే దృశ్యానికి పన్నెండు సెకన్ల సముద్రం చేయాలి. హైదరాబాద్ స్టూడియోలో నా పని చూసే అన్విత గారు రెండుసార్లు తిప్పి పంపారు.

"బాగానే ఉంది బాలూ. కానీ మీ నీళ్లు మరీ మర్యాదస్తుల్లా ఉన్నాయి," అన్నారు.

నేను ఉండేది అమరావతి దాటాక ఒక ఊళ్లో, మా అక్క కోటేశ్వరి ఇంటి మేడ మీద గదిలో. కిటికీలోంచి చూస్తే పత్తి పీకేసిన చేలు, ఎండుతున్న మిరపకాయలు. సముద్రాన్ని రెండుసార్లే చూశాను. అందుకే పోయిన నెల గాలివాన రోజు మిరపకాయలు ఆరబోసే మా కళ్లంలో ఫోన్‌తో తీసిన వీడియోను నమూనాగా పెట్టుకున్నాను. మిరపకాయల మీద కప్పిన నీలం టార్పాలిన్ పట్టా గాలికి లేచి పడుతోంది. నాలుగు నిమిషాల వీడియో. అందులో ఒక అల ఉంది. మిగతావన్నీ పడమటి నుంచి తూర్పుకి పరుగెడుతుంటే అది మాత్రం ఎదురొచ్చింది. లేచింది, ఆగింది, కుంగింది, మళ్లీ పక్కకి లేచింది. ఏ అంకె ఇచ్చినా సాఫ్ట్‌వేర్ దాన్ని పుట్టించలేకపోయింది. చివరికి ఒక్కో ఫ్రేమూ చూస్తూ చేత్తో దిద్ది, నా సముద్రం మధ్యలో పెట్టాను.

అన్విత గారు వెంటనే ఫోన్ చేశారు. "ఎక్కడ పట్టారు ఆ అలని? ఒళ్లు జలదరించింది. అలాంటివి ఇంకో మూడు పెట్టండి. సాయంత్రానికి ఇచ్చేస్తే షాట్ ఓకే."

వీడియో మళ్లీ తెరిచాను. ఇన్నాళ్లూ గాలి హోరు భరించలేక శబ్దం ఆపేసి చూశాను. ఈసారి గాలి ఎప్పుడెప్పుడు విసురుతోందో తెలియాలని శబ్దం పెట్టాను.

హోరు అడుగున ఎవరో అరుస్తున్నారు.

"బాలూ! పట్టా ఎత్తరా! ఊపిరాడట్లా! ఒరేయ్ బాలూ!"

అక్క గొంతు. పట్టా కింద, సరిగ్గా ఆ అల లేచిన చోట.

మా వైపు వాన ముంచుకొస్తే ఒకరు పట్టా కిందకి దూరి కాయలను మధ్యకి కుప్ప చేస్తారు. ఇంకొకరు అంచు ఎత్తి పట్టుకుంటారు. లోపలి మనిషి బయటికి వచ్చేదాకా ఆ అంచు వదలకూడదు. ఎండుమిరప ఘాటులో పట్టా మీద పడి మూసుకుపోతే కళ్లు కనబడవు, ఊపిరి అందదు. ఆ రోజు అంచు పట్టుకున్నది నేను. నాకు గుర్తున్నది వేరు. అక్క బయటికి వచ్చి ఇంట్లోకి వెళ్లింది. నేను అంచు మీద ఇసుక బస్తా పెట్టాను, తర్వాతే ఫోన్ తీశాను. ఆ బస్తా బరువు నా చేతులకి ఇంకా తెలుస్తోంది.

వీడియోలో బస్తా లేదు. నేను వదిలేసిన అంచు బురదలో అతుక్కుని ఉంది.

అరుపుల మధ్య ఇంకో గొంతు వినిపించింది. ఫోన్‌కి బాగా దగ్గరగా, మెల్లగా, ముద్దు చేస్తున్నట్టు. "అదీ... మళ్లీ లే... మళ్లీ." అది నా గొంతేనని ఒప్పుకోవడానికి మూడుసార్లు వినాల్సి వచ్చింది.

అప్పుడు నాకు వినబడలేదా? వినబడినా వినబడలేదని అనుకున్నానా? లేని బస్తాను తయారు చేసి, దానికి బరువు కూడా ఇచ్చిన మనసును ఈ ప్రశ్న ఎలా అడగాలి?

కిందకి దిగాను. అక్క వసారాలో పీట మీద కూర్చుని కాయల తొడిమలు తీస్తోంది.

"ఏరా, ముఖం అట్టా పాలిపోయిందేంది? మీ మేడం తిట్టిందా?"

"అక్కా, గాలివాన రోజు నువ్వు పట్టా కింద ఇరుక్కుపోయావా?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా దొరగారికి?" నవ్వింది. "మీ బావకి చెప్పలేదులే. చెబితే నిన్ను మెట్లతో పని లేకుండా మేడ మీంచి దింపేవాడు."

"నన్ను పిలిచావా?"

"గొంతు పోయేదాకా. కళ్లు మండిపోయి ఎటు పోతన్నానో తెలియలా. పట్టాకి ఓ చిరుగుంటే దాంట్లోంచి కనపడ్డావు. నా వంకే చూస్తన్నావు. వాన పెద్దదవగానే ఇంట్లోకి ఉరికావు. నేనే ఆ చిరుగులో వేళ్లు పెట్టి చించుకుని బయటపడ్డా."

"మరి నన్ను ఒక్క మాటా అనలేదే?"

"ఏమంటాంరా? చిన్నప్పట్నుంచీ అంతేగా నువ్వు. భయమేస్తే కొయ్యలా బిగుసుకుపోతావు." తొడిమలు తీయడం ఆపి తలెత్తింది. "భయపడ్డావు. అంతేగా బాలూ?"

ఆ నమ్మకం మీదే అక్క ఈ నెల రోజులూ నాకు అన్నం పెట్టిందని అప్పుడు అర్థమైంది. అవునంటే చాలు. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది కూడా. ఒకసారి అనేస్తే కొన్నాళ్లకి నాకే నిజమైపోతుంది. ఆ భయం తాలూకు వణుకు కూడా గుర్తుకొస్తుంది.

"లేదక్కా," అన్నాను. "భయపడలేదు. చూడ్డానికి బాగుందని నిలబడ్డాను."

అక్క చేతిలోని కాయను చేటలో వేయకుండా అలాగే పట్టుకుంది. లేచి, పీటను గోడ దాకా జరిపి, వీపు గోడకి ఆనించి, నాకు ఎదురుగా, నా చేతులు కనబడేలా కూర్చుంది.