తనిఖీ రోజు బిర్యానీ

కౌసల్య కుడిచేతి వేళ్లు రెండు రేకులు నొక్కే ప్రెస్సు కింద నలిగిపోయినప్పుడు నేను పక్క మిషను మీదే ఉన్నాను. నేల మీది రక్తం కడగక ముందే మేనేజరు సత్తిబాబు వచ్చి, "పరాకుగా పనిచేసింది, అలాగే రాయండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అది 1999. పటాన్‌చెరులోని మా షెడ్డుకు ఏడాది కిందటే కంప్యూటరు ప్రెస్సులు వచ్చాయి. ఒక్కోదానికి ముందు ఒక ఎలక్ట్రానిక్ కన్ను ఉంటుంది. చెయ్యి లోపలికి పోతే మిషను తనంతట తానే ఆగాలి. ఆ కన్ను పనిచేయకుండా మిషను నడపకూడదని సర్కారు రూలు. అయితే చెమట చుక్క అడ్డుపడినా ప్రెస్సు ఆగిపోతుంది, సరుకు తగ్గుతుంది. అందుకే కన్నును ఆపేసి దాని తాళంచెవి సత్తిబాబు జేబులో వేసుకున్నాడు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మాత్రం దాన్ని తిప్పి కన్ను పనిచేయించేవాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. తనిఖీ రోజున మిషన్లు తుడిచేది మేమే, కొత్త గ్లౌజులు తొడుక్కుని 'అంతా బాగుంది' అన్న కాగితం మీద సంతకాలు పెట్టేది మేమే. అందుకు ఒక పూట సెలవు, తలా ఒక బిర్యానీ పొట్లం. కౌసల్య కూడా సంతకం పెట్టింది. ఇప్పుడు ఆ సంతకమే చూపించి, తప్పు నీదే, పనిలోంచి తీసేస్తున్నాం అన్నారు.

నాలుగో రోజు షిఫ్టు దిగి అందరం టీ బండి దగ్గర చేరాం. చేతికి కట్టుతో కౌసల్యా వచ్చింది.

"రూలుంటే ఏంది, లేకుంటే ఏంది? ఇన్‌స్పెక్టర్ వస్తడు, తింటడు, పోతడు" అన్నాడు మొగులయ్య. మాలో అందరికంటే పాత ఆపరేటరు అతనే.

"సేటు గూడ గదే అంటుండు గదనే" అంది షెడ్డు ఊడ్చే రాజవ్వ, మా యజమాని మాట ఎత్తి. "రూల్లు తీసేస్తెనే కంపెనీలు బాగుపడ్తయంట. నువ్వు, సేటు ఒక్క మాట మీదున్నరు. జెర సోంచాయించు, ఆలోచన జెయ్యి."

"కన్ను నడిస్తె మాల్ తగ్గుతది. షెడ్డు లేపుకొని ఇంకో రాష్ట్రం పోతడు. నా పిల్లలేం తినాలె?"

"నా పిల్లలేం తింటున్నరన్నా?" అంది కౌసల్య మెల్లగా. "రూలు మంచిదే. దాన్ని పొట్లానికి అమ్ముకున్నం. నేను గూడ అమ్ముకున్న. ఇగ సాలు."

మొగులయ్య చేతిలో టీ చల్లారిపోయింది. తాగలేదు.

ప్రమాదం మీద విచారణకని సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ పొద్దున ఎవరూ మిషను తుడవలేదు, గ్లౌజు తొడగలేదు. సత్తిబాబు తాళంచెవి తీసుకుని గబగబా వచ్చాడు. మేం ప్రెస్సు చుట్టూ కదలకుండా నిలబడ్డాం.

"ఇయ్యాల తిప్పకుండ్రి సార్" అన్నాడు మొగులయ్య. "రోజు ఎట్ల నడుస్తదో గట్లనే సూడనియ్యిండ్రి."

ఒక కట్టెముక్క లోపల పెట్టి పెడలు తొక్కాడు. ప్రెస్సు ఆగలేదు. కట్టె పిప్పి పిప్పి అయ్యింది. ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయింది.

"గిది రాయిండ్రి సారూ" అంది రాజవ్వ. "రాసేదాక ఎవ్వలం మిషన్ ముట్టం."

ఇన్‌స్పెక్టరు గంటసేపు నసిగాడు, ఫోన్లు చేశాడు. మేం కదలలేదు. చివరికి కన్ను ఆపి ఉందని, తప్పు కౌసల్యది కాదని రాసి, అందరి ముందూ చదివి వినిపించాడు. అతను గేటు దాటాడో లేదో పోలీసు జీపు వచ్చింది. మేనేజరు మీదికి గుంపును ఉసిగొల్పాడని మొగులయ్యను ఎక్కించారు.

"మా ఇంట్ల జెప్పుండ్రి" అని మాత్రం అన్నాడు. పిల్లల మాట ఎత్తలేదు.

రెండో షిఫ్టు వాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. మొగులయ్య రావాలి, తాళంచెవి మా చేతికి రావాలి, అప్పుడే లోపలికి అన్నారు. తెల్లారేసరికి మా వీధిలో ఇంకో నాలుగు షెడ్లలో ప్రెస్సులు ఆగాయి. ఆ జనమంతా రోడ్డు మీదికి వచ్చి, వాళ్ల మేనేజర్లను పేరు పెట్టి పిలిచి, తాళంచెవుల కోసం జేబులు చూపించమని అడుగుతున్నారు.